గుడి బయట ఇద్దరం

ఈ ఏడు జీడితోట పూత మీదే అమ్మేశాను. పూత పిందె కట్టకముందే రోలుగుంట వ్యాపారి వచ్చి చెట్లు చూసుకుని పోయాడు. నా చేతికి తోట వచ్చాక ఎప్పుడూ అలా అమ్మలేదు. గింజ రాలే రోజుల్లో చెట్ల కింద నేనుండాల్సిందే. ఈసారి ఉండటానికి వీల్లేదు. జపాన్ వెళ్ళాల్సి వచ్చింది.

నర్సీపట్నం బస్టాండు ఎదురుగా టీ తాగుతుంటే తెలిసినవాడొకడు, "జపాన్లో జీడి ఉంటదేటి మావా, ఎల్తన్నావంట?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఉండదన్నాను. గ్లాసు అక్కడ పెట్టి వచ్చేశాను.

మాకు ఒక్కతే కూతురు, శ్రీదుర్గ. నర్సు చదివింది. ఒసాకా అవతల ఒక చిన్న ఊళ్ళో ముసలివాళ్ళని చూసుకునే ఆశ్రమంలో పని. భర్తదీ అదే పని, అదే ఆశ్రమం. అతను నర్సీపట్నం అబ్బాయే. పేరు షాలేమ్‌రాజు. పేరులోనే తెలుస్తుంది, చర్చికి పోయే కుటుంబం. నాలుగేళ్ళ కిందట చర్చిలోనే పెళ్ళి చేసుకున్నారు. మా ఆవిడ వరహాలక్ష్మి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. అతను నా గుమ్మం ఎక్కకూడదన్నాను. అతను ఎక్కలేదు. నేను అతనితో ఒక్క మాటా మాట్లాడలేదు.

పోయిన వేసంకాలం వరహాలక్ష్మి చనిపోయింది. తోటలోంచి వచ్చి మంచినీళ్ళడిగింది. నేను గ్లాసు తెచ్చేసరికి లేదు. శ్రీదుర్గ వచ్చి దినకర్మ అయ్యేదాకా ఉంది. అతను వాళ్ళమ్మ ఇంట్లో దిగాడు. రోజూ మా వీధి చివరిదాకా వచ్చి, నిలబడి, వెళ్ళిపోయేవాడని ఎవరో చెప్పారు. నిలబడనీ అన్నాను.

సంక్రాంతి వెళ్ళాక శ్రీదుర్గ ఫోన్ చేసింది.

"అమ్మ సంవత్సరీకానికి ఇద్దరం వస్తాం నాన్నా."

"నువ్వు రా."

"ఇద్దరం అన్నాను."

"నేను నువ్వన్నాను."

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను.

"అయితే నేనూ రాను. కన్నకూతురు ఎందుకు రాలేదని పదిమంది అడుగుతారు. నువ్వే సెప్పుకో," అంది. నేను చెప్పుకోగలను. ఆ మాటే అన్నాను. అప్పుడు గొంతు తగ్గించింది. "ఒక్కసారి ఇక్కడికి రా నాన్నా. మా ఇంట్లో ఉండి సూడు. అప్పుడు కూడా వద్దంటే ఇంక నేను అడగను."

టిక్కెట్టు తనే పంపింది.

మా అన్నయ్య రమణబాబుది పక్క ఇల్లే. విని, "ఎల్లు," అన్నాడు. "పిల్లని ఎదురుగా కూసోబెట్టి సెప్పు. ఆడు గానీ మన గడపలోకొస్తే నేను ఆ ఇంట్లో మెతుకు ముట్టను."

"నువ్వు నాకు సెప్పాలా?" అన్నాను. ఆ మాట చెప్పి రావడానికే విమానం ఎక్కాను.

ఇల్లు చిన్నది. చాప పరిస్తే నడవడానికి చోటుండదు. కూతురు పొద్దున్న డ్యూటీకి పోతే అల్లుడు అప్పుడే రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాడు. గుమ్మం దగ్గర ఒకరు బూట్లు విప్పుతూ, ఒకరు తొడుక్కుంటూ మాట్లాడుకునేవాళ్ళు. పాలు విరిగాయి, కరెంటు బిల్లు వచ్చింది, మీ నాన్నగారు పొద్దున్న దగ్గారు. వాళ్ళ కాపురం అంతా ఆ గుమ్మం దగ్గరే.

పగలంతా అతనూ నేనూ ఆ ఇంట్లో ఉండేవాళ్ళం. నేను కిటికీ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి. అతను అన్నం వండి, పప్పు తాలింపు వేసి, పళ్ళెం నా ముందు పెట్టి, "భోజనమండి," అని వంటింట్లోకి పోయేవాడు. నేను తినేవాణ్ణి. అన్నంతో నాకు తగువు లేదు. పప్పులో ఉప్పు ఎక్కువైతే సాయంత్రం కూతురు వచ్చాక చెప్పేవాణ్ణి, "ఉప్పు తగ్గించమను," అని. మర్నాడు తగ్గేది.

కూతురికి చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేకపోయాను. ఎప్పుడు చూసినా అలసిపోయి ఉండేది. ఎదురుగా కూర్చోబెట్టడానికి కూర్చునే తీరికే లేదు ఆ పిల్లకి.

ఒకరోజు ముఖం వెలిగిపోతూ వచ్చింది. ఇద్దరికీ ఒకేరోజు సెలవు దొరికిందట. "నారా ఎల్దాం నాన్నా. రైల్లో బేగి ఎల్లిపోవచ్చు. ఎప్పుడో రాజధాని అంట. గుళ్ళుంటాయి, ఊళ్ళోనే జింకలు తిరుగుతాయి. నేను ఇంతవరకు సూడలేదు. ఇద్దరం కలిసి ఒక రోజు తిరగాలని పెళ్ళైన కాణ్ణుంచీ అనుకుంటన్నాం."

"మీరిద్దరూ ఎల్లండి. నేనింట్లో ఉంటాను."

"ఉండవు. మాతో వస్తావు."

అక్కడైనా చెప్పొచ్చు కదా అనుకున్నాను. సరేనన్నాను.

చలి ఇంకా పోలేదు. నా చెప్పులు పనికిరావని బూట్లు కొంది. తాళ్ళ బూట్లు. పుట్టి బుద్ధెరిగాక అలాంటివి తొడగలేదు. పొద్దున్న తనే ముడి వేసింది. రైల్లో వాళ్ళిద్దరూ ఒక సీట్లో కూర్చున్నారు. చిన్నపిల్లల్లా ఫోన్లో ఏదో చూసుకుని గుసగుసలాడారు. నేను కనబడగానే అతను సర్దుకుని కూర్చునేవాడు.

నారా శుభ్రమైన ఊరు. రోడ్డు పక్కన ఒకరకం చెట్లు, ఆకు లేకుండా ఒట్టి పూలే. గాలి వీస్తే మునగపూత రాలినట్టు రాలుతున్నాయి. వాటి కింద జింకలు. మా వైపు కొయ్యూరు కొండల్లో జింక అడుగు చూడటమే గొప్ప. ఇక్కడ ఆంబోతుల్లా రోడ్డు మీద నిలబడ్డాయి. బిస్కెట్లు అమ్మే ఆవిడ దగ్గర శ్రీదుర్గ ఒక కట్ట కొంది. జింక ఎదురుగా వచ్చి తల వంచి దణ్ణం పెట్టింది. కూతురు కూడా తల వంచింది. జింక మళ్ళీ పెట్టింది.

"సూశావా నాన్నా, ఎంత మర్యాదో!"

"తిండి కోసం," అన్నాను.

అల్లుడికి నవ్వొచ్చింది. దగ్గినట్టు నటించాడు.

ఆ దారిలోనే కొంచెం నడిచాక పెద్ద ద్వారం వచ్చింది. అంతా చెక్క. తాడిచెట్టంత స్తంభాలు. అటూ ఇటూ జాలీ వెనక ఇద్దరు ద్వారపాలకులు, కళ్ళు ఉరిమి చూస్తూ. నేను ఆగిపోయాను.

"రా నాన్నా. పెద్ద బుద్ధుడు లోపల."

"నేను రాను. ఏడాది కాలేదు."

ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా గుడి గడప తొక్కకూడదు. కొండెక్కకూడదు. మా ఇళ్ళల్లో ఇది ఎవరికీ చెప్పక్కర్లేదు. కూతురికి పెళ్ళైపోయింది కనక మూడు రోజుల మైలతో సరి. నాకు ఏడాది.

"గుడి అదిగో, అంత దూరంలో ఉంది. ఇది ఒట్టి గేటే నాన్నా."

"గేటు కాదు, గాలిగోపురం. గాలిగోపురం దాటితే గుడే."

"ఇది బుద్ధుడి గుడి. మనది కాదు కదా!"

"దేవుడు దేవుడే."

శ్రీదుర్గ నడుం మీద చేతులు పెట్టుకుంది. అచ్చం వాళ్ళమ్మలాగే. "ఓహో. దేవుడు దేవుడేనా? మరి నా పెళ్ళికి చర్చి గుమ్మం ఎందుకెక్కలేదు?"

ఆ మాట మనసులో పెట్టుకున్నాను.

"శ్రీదుర్గా, నువ్వెళ్ళిరా," అన్నాడు అల్లుడు. "నేనిక్కడ ఉంటాను."

"మీరెందుకు?"

"పర్లేదు. నువ్వెళ్ళు."

ఆమె ఇద్దరి వైపూ చూసింది. బ్యాగు భుజానికి తగిలించుకుని ఒక్కతే లోపలికి పోయింది.

నాకర్థమైంది. వీళ్ళ మతంలో గుళ్ళకి వెళ్ళకూడదు. చూశావా, పెళ్ళాం కోసం కూడా గడప దాటడు అనుకున్నాను. కూతురికి చెప్పాల్సిన మాటకి ఇంకో ఆధారం దొరికినట్టనిపించింది.

ద్వారం పక్కన రాతి గట్టు మీద కూర్చున్నాను. అతను కొంచెం దూరంలో నిలబడ్డాడు. నా జేబులో ప్లాస్టిక్ కవర్లో మా తోట జీడిపప్పు ఉంది. కిందటేడుది, వరహాలక్ష్మి కాల్చి ఒలిచింది. నాలుగు పలుకులు నోట్లో వేసుకుందామని తీశానో లేదో, వెనక నుంచి ఒక జింక వచ్చి కవరు అందుకుంది. నేను లాగాను. అది లాగింది. పప్పంతా నేలపాలైంది. కవరు దాని నోట్లోకి పోతోంది. అల్లుడు ఒక్క అంగలో వచ్చి దాని మెడ చుట్టూ చెయ్యి వేసి, రెండో చేత్తో దవడ పట్టుకుని, వేళ్ళు పెట్టి కవరు బయటకి లాగాడు. జింక కాలితో తన్నింది. ప్యాంటు మీద మట్టి.

"కవరు మింగితే చచ్చిపోతాయండి," అన్నాడు ఆయాసపడుతూ. నాతో కాదన్నట్టు, జింకతో అన్నట్టు అన్నాడు. తర్వాత వంగి నేల మీద పలుకులు ఏరడం మొదలుపెట్టాడు. ఒక్కోటి ఊది రుమాల్లో వేశాడు. వద్దనబోయి ఊరుకున్నాను. నేను కూడా అలాగే ఏరేవాణ్ణి.

ఏరుతూ ఏరుతూ నా కాళ్ళ దగ్గరికి వచ్చాడు. జింకతో పెనుగులాటలో నా బూటు తాడు ఊడిపోయింది. అతను చూశాడు. ఒక మోకాలు నేల మీద పెట్టి కూర్చుని ముడి వేయబోయాడు. నేను కాలు వెనక్కి లాక్కున్నాను.

"తాడు తొక్కితే పడిపోతారండి."

ఆ మాట ఆశ్రమంలో రోజూ ఎంతమందికి చెబుతాడో. గొంతులో జాలి లేదు, భయమూ లేదు. పని అంతే. కాలు మళ్ళీ ముందుకు పెట్టాను. పెళ్ళి పీటల మీద అల్లుడి కాళ్ళు మామ కడుగుతాడు. ఇతని కాళ్ళు నేను కడగలేదు. ఆ మునివేళ్ళు ముడి బిగిస్తుంటే నేను ద్వారపాలకుల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇంతలో అతని ఫోన్ మోగింది. వాళ్ళమ్మ. రాచెల్ అంటారు. నర్సీపట్నంలో ఒక బళ్ళో వంట చేస్తుంది. భర్త లేడు. ఫోన్లో మనిషి కనబడుతోంది. అతను ఫోన్‌ని నా నుంచి పక్కకి తిప్పాడు గానీ గొంతు తిప్పలేడు కదా.

"ఒరే రాజూ, ఏటి తిన్నారు? అన్నయ్యగారు బాగున్నారా? సలంట కదా, సెవులకి ఏటైనా కట్టారా?"

"కట్టుకున్నారమ్మా."

"ఎక్కడున్నారు?"

"గుడి దగ్గరమ్మా. బయటే ఉన్నాం."

"మంచి పని. ప్రసాదాలూ గట్రా ఇస్తే తినకురా. దేవుడికి పెట్టింది మనం తినకూడదు, ఎరిగున్నావు కదా."

"సరేనమ్మా."

నేననుకున్నది రూఢి అయింది.

శ్రీదుర్గ తిరిగొచ్చింది. లోపల ఒక స్తంభానికి కన్నం ఉందట, అందులోంచి దూరితే మంచిదట, జనం వరసలో నిలబడ్డారట. "మీరుంటే ఫోటో తీసేవారు," అంది మొగుడితో. నాతో ఏం అనలేదు.

గడ్డి మీద కూర్చుని పెరుగన్నం తిన్నాం. ఆవకాయ వాసనకి జింకలు దూరంగా నిలబడి ఆలోచించాయి. వాళ్ళిద్దరూ దగ్గరగా కూర్చుని తిన్నారు. అతని జుట్టులో పూరేకు ఒకటి చిక్కుకుంటే ఆమె తీసింది. తీసి, ఊదింది. కొంచెంసేపు అలసట లేని ముఖం చూశాను ఆ పిల్లది. చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. తిననీ అని ఆగాను.

తర్వాత ఇంకో గుడికి బయల్దేరాం. అడవిలో, కొండ అడుగున ఉందట. నున్నటి దారి. అటూ ఇటూ పెద్ద చెట్లు. దారి మొదట్లోనే ఎర్ర రంగు వేసిన రెండు గుంజలు నిలబెట్టి, పైన అడ్డంగా దూలాలు వేశారు. తలుపు లేదు. గోడ లేదు. నేను దాని ముందు ఆగాను.

శ్రీదుర్గ నాలుగడుగులు ముందుకు పోయి వెనక్కి తిరిగింది. "ఏటి మళ్ళీ?"

"గడప."

"గడపేటి నాన్నా! గుడి ఇక్కడ లేదు. ఇంకా చాలా దూరం నడవాలి. చెట్లు తప్ప ఏం లేదిక్కడ!"

"గుంజ పాతింది ఇక్కడే కదా. ఇక్కణ్ణుంచీ దేవుడిదే."

"పక్కనుంచి రా పోనీ. గుంజల కిందనుంచి వద్దు."

"దొంగలాగానా?"

అప్పుడు ఆ పిల్లకి కోపం వచ్చింది. పక్కన జపాన్ వాళ్ళు పోతున్నారని గొంతు పెంచలేదు. పళ్ళ బిగువున మాట్లాడింది. "ఒక్క రోజు. పెళ్ళయ్యాక ఒక్క రోజు ఇద్దరం కలిసి ఏదైనా సూద్దామనుకున్నాం. పొద్దున్నించీ నేను ఒక్కదాన్నే తిరుగుతున్నాను. అమ్మ ఉంటే నిన్ను సెయ్యి పట్టుకుని లాక్కుపోయేది."

"అతన్ని నేనాపానా? తీసుకుపో."

ఆమె అతని వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు. "నువ్వెళ్ళిరా దుర్గా. మేముంటాం."

ఆమె వెళ్ళిపోయింది. వెనక్కి తిరగలేదు. దారి పొడుగునా రాతి దీపస్తంభాలు. వాటి మధ్య ఆ పిల్ల చిన్నదైపోతూ కనబడింది. కంటి నీళ్ళు తుడుచుకుందో, జుట్టు సర్దుకుందో, నాకు తెలియలేదు.

మేమిద్దరం అక్కడే నిలబడ్డాం. నాకు అతని మీద ఒళ్ళు మండింది. ఆ పిల్ల ఏడుస్తూ పోతుంటే చూస్తూ నిలబడతాడా? నాలుగేళ్ళలో అతనితో మొదటిసారి నోరు విప్పాను.

"మీ అమ్మంటే అంత భయమా నీకు?"

అతను ఉలిక్కిపడ్డాడు. చుట్టూ చూశాడు, ఇంకెవరితోనైనా అన్నానేమోనని.

"దేనికండీ?"

"గుడిలోకి పోవడానికి."

"లేదండి," అన్నాడు. "అమ్మ రాదు గానీ, నేను వెళ్తానండి. ఈ గుడికి చాలాసార్లు వచ్చాను. మా ఆశ్రమం ముసలాళ్ళు పూలకాలంలో ఇక్కడికి రావాలంటారు. నడవలేరు కదండి, కుర్చీ తోసుకుంటూ తీసుకొస్తాం. పొద్దున్న దుర్గ చూసొచ్చిన పెద్ద బుద్ధుడి దగ్గరికి కూడా."

"మరి ఈవేళ?"

అతను కాలితో నేల మీది రాయి ఒకటి పక్కకి జరిపాడు.

"ఈవేళ మీరున్నారు కదండి. భాష రాని చోట పెద్దవాళ్ళని ఒక్కళ్ళనీ వదిలేసి ఎలా వెళ్తామండి?"

నేను గుంజల వైపు చూశాను. ఆ పిల్ల కనబడటం లేదు. ఇంతకీ ఇతను ఆ మాట పొద్దున్నే పెళ్ళాంతో అనొచ్చు. మీ నాన్న వల్లే అని చెప్పొచ్చు. చెప్పలేదు. నేనేమనుకుంటే అది అనుకోనిచ్చాడు.

"ఆ పిల్లకి తెలుసా?"

"తెలుసుంటుందండి. నేను చెప్పలేదు."

"వెళ్ళు," అన్నాను.

"అండీ?"

"బేగి వెళ్ళు. చీకటిపడేలోగా ఏడుపు ముఖం మాన్పించి తీసుకురా. నేనిక్కడే కూర్చుంటాను. నన్నెవడెత్తుకుపోతాడు?"

అతను రెండడుగులు వేసి ఆగాడు. జేబులోంచి ఆశ్రమం కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. "ఎవరైనా ఏదైనా అడిగితే ఇది చూపించండి." తర్వాత పరుగెత్తాడు. జింకలు అటూ ఇటూ తప్పుకున్నాయి. పెద్ద మనిషి పరుగెత్తడం చూసి జపాన్ వాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఎవరూ చూడలేదు.

అక్కడ ఒక చెక్క బల్ల ఉంటే కూర్చున్నాను. ఎదురుగా ముసలి జపాన్ జంట ఒకటి. ఆమె డబ్బాలోంచి ఏదో తీసి అతనికి పెడుతోంది. నాకూ ఇవ్వబోయింది. చెయ్యి ఊపాను. ఆమె తల వంచింది. నేను కూడా వంచాను.

నీడలు పొడుగయ్యాక ఇద్దరూ వచ్చారు. చెయ్యీ చెయ్యీ పట్టుకుని వస్తున్నారు. నన్ను చూసి విడిపించుకోలేదు. శ్రీదుర్గ ఫోన్ తీసి చూపించింది. వందలకొద్దీ ఇత్తడి లాంతర్లు వేలాడుతున్నాయి, వాటి కింద ఇద్దరూ. ఎవరో జపాన్ పిల్లల చేత తీయించుకున్నారట. అతను కళ్ళు మూసుకున్నాడు ఫోటోలో.

"ఇంకోటి తీయించుకోకపోయారా, కళ్ళు తెరిచి?" అన్నాను.

శ్రీదుర్గ నన్ను చూసింది. తర్వాత అతన్ని చూసింది. ఏం అడగలేదు. తెలివైన పిల్ల.

తిరుగు రైల్లో జనం. నాకొక్కడికే సీటు దొరికింది. వాళ్ళిద్దరూ నా ముందు పైన కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. రైలు ఊగినప్పుడల్లా ఆ పిల్ల అతని భుజానికి తగులుతోంది. నేను అతనితో అన్నాను.

"మీ అమ్మ దేవుడికి పెట్టింది తినదన్నమాట."

"తినదండి. చిన్నప్పట్నుంచీ అంతే."

"పిండానికి వండిన పొయ్యి మీద వండితే?"

అతను ఆలోచించాడు. "అది కూడా తినదనుకుంటానండి. ఎందుకండీ?"

"అయితే రెండు గాడిపొయ్యిలు తవ్వించాలి. కట్టెలు ముందే ఎండబెట్టాలి. వంటవాళ్ళు చెప్పిన మాట వినరు, దగ్గర ఒకడు నిలబడాలి. సంవత్సరీకానికి ముందు రోజే రా. ఆ రోజు వస్తే పనికిరావు."

రైలు చప్పుడులో అతనికి వినబడలేదేమో అనుకున్నాను. శ్రీదుర్గ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"ఎంతమందికండీ వంట?" అన్నాడతను.

"ఊరికి. మీ అమ్మ ఎవరినైనా తీసుకొస్తే వాళ్ళకి కూడా."

నేను తిరిగొచ్చేసరికి తోటలో గింజ అయిపోవచ్చింది. వ్యాపారి కూలీలు చెట్ల కొమ్మలు విరిచి పెట్టారు. వాడితో తగువేసుకున్నాను. వచ్చే ఏడు వాడికి ఇవ్వను.

చెప్పినట్టే ముందు రోజు వచ్చారు ఇద్దరూ. అల్లుడు సామాను లోపల పెట్టి, లుంగీ కట్టుకుని, పెరట్లో గాడిపొయ్యిల దగ్గరికి పోయాడు. వంటవాడు ఒక పొయ్యి చాలంటాడు. అతను చాలదంటాడు. ఇద్దరి వాదన వీధిలోకి వినబడింది. నేను వెళ్ళలేదు. గెలవనీ అనుకున్నాను. రెండో పొయ్యి తవ్వారు.

మర్నాడు పంతులు కార్యం ముగించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. పందిట్లో మొదటి బంతికి ఆకులు వేశారు. మా అన్నయ్యని మొదటి ఆకు ముందు కూర్చోబెట్టాను. నీళ్ళు చల్లుకున్నాడు. గారె వడ్డించారు. అప్పుడు అల్లుడు అన్నం గంప మోసుకుంటూ వచ్చాడు, చెమటలు కక్కుతూ.

అన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏట్రా ఇది?"

"అన్నం," అన్నాను.

"వండించింది ఎవరు? రెండు పొయ్యిలేటి? మన ఇంటి కార్యంలో కిరస్తానోడి పెత్తనమేటి? నేను ముందే సెప్పాను. ఈడి సేతి మెతుకు నేను ముట్టను."

పందిరంతా చెంబుల చప్పుడు ఆగిపోయింది. అల్లుడు గంప పట్టుకుని అలాగే నిలబడ్డాడు. శ్రీదుర్గ గుమ్మంలోంచి నన్నే చూస్తోంది.

"నేను జపాన్లో ఈ చేతి అన్నమే తిని వచ్చాను," అన్నాను. "నీకక్కర్లేకపోతే మానెయ్."

అన్నయ్య నా ముఖం చూశాడు. నేను బతిమాలతానని చూశాడు. నేను ఎవర్నీ బతిమాలలేదు ఇన్నేళ్ళూ. లేచాడు. కండువా దులుపుకుని పక్కింట్లోకి పోయాడు. తలుపు వేసిన చప్పుడు వినబడింది. ఇద్దరు ముగ్గురు కూడా లేద్దామా అన్నట్టు కదిలారు. గారెలు వేడిగా ఉన్నాయి. మళ్ళీ కూర్చున్నారు.

మొదటి ఆకు ఖాళీగా ఉంది. వేసిన ఆకు అలా వదలకూడదు. రాచెల్ గారు పందిరి చివర కుర్చీలో ఒదిగి కూర్చున్నారు, కొంగు భుజం చుట్టూ కప్పుకుని. తెల్ల చీర కట్టుకొచ్చారు.

"అమ్మా, రండి. కూర్చోండి," అన్నాను.

"అయ్యో వద్దన్నయ్యగారూ. మీరందరూ కానివ్వండి. నేను ఆఖర్న తింటాను."

"మీకు రెండో పొయ్యి మీద వండించాం. దేవుడికి పెట్టలేదు. మీ అబ్బాయిని అడగండి. గారెలు కూడా అక్కడివే."

ఆమె కొడుకు వైపు చూశారు. అతను తలూపాడు. నేను ఆ ఆకు తీయించి కొత్త ఆకు వేయించాను. ఆమె వచ్చి కూర్చున్నారు. వడ్డించేలోపు కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థించుకున్నారు. వరహాలక్ష్మి పేరు వినబడింది.

అల్లుడు రెండో పొయ్యి అన్నం తెచ్చి పెట్టాడు. పప్పు గిన్నె నేనందుకున్నాను. గారెల పళ్ళెం కూడా.

ఆమె చెయ్యి అడ్డం పెట్టి చాలన్నారు. ఇంకొకటి వేశాను.